ఊరు నిమ్మళంగా ఉందంటే

నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ ఇంకా చేరకముందే వేములపల్లి వస్తుంది. సాగర్ ఎడమ కాలువ, వరి పొలాలు, పొద్దున పూట పెద్దగా అలికిడి లేని వీధులు. పట్నం నుంచి వచ్చిన సెక్యులర్ మిత్రులు "ఎంత ప్రశాంతంగా ఉంది!" అంటారు. ఆ వెంటనే, "ఇక్కడ మీకూ వాళ్లకూ ఏ గొడవా లేదు కదా" అని మెచ్చుకుంటారు. మాకు పేచీ ఆ మెచ్చుకోలు తోనే. గొడవ లేకపోవడమూ కలిసి ఉండడమూ ఒకటేనా?

చుట్టం గొడవ పడడు. పెట్టింది తిని, అడిగినదానికి జవాబిచ్చి, మంచివాడనిపించుకొని పోతాడు. ఇంటివాడు అట్ల కాదు. కూరలో ఉప్పు లేదంటాడు, వాటా అడుగుతాడు, అలుగుతాడు, మళ్లీ ఆ ఇంట్లోనే పడుకుంటాడు. పీరీల పండుగకు అలావా చుట్టూ ఊరంతా ఆడుతుందని మాకు గుర్తు చేస్తారు. నిజమే. ఏడాదిలో మిగతా రోజులు కూడా ఉన్నాయి మరి.

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి ఈ వైపు తగువంటే ముందుగా నీళ్ల తగువే. వంతు కోసం రాత్రిపూట తూము దగ్గర పారలు పట్టుకొని ఒక సాయిబూ ఒక రెడ్డీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు. ఆ తిట్లలో అమ్మలక్కలు వస్తారు గాని అల్లా, రాముడు రారు. తెల్లారి చాయ్ హోటల్లో ఒకే బల్ల మీద కూర్చుంటారు. మాకు ఆ తిట్లంటే ఇష్టం.

1992 డిసెంబర్ 6 తర్వాత అటువంటి సాయిబే హోటల్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయాయి. ఏ ఊరని చెప్పం, ఒక్క ఊరు కాదు. ఎవరూ ఏమీ అనలేదు. పైగా చాయ్ ముందు ఆయనకే ఇచ్చారు, చుట్టానికి ఇచ్చినట్టు. ఆ వారం ఆయన వంతు అడగలేదు. ఊరు మాత్రం నిమ్మళంగానే ఉంది.

మధ్యధరా సముద్రంలో సైప్రస్ అని ఒక ద్వీపం. అక్కడి పల్లెల నిశ్శబ్దం కోసం టూరిస్టులు డబ్బు పెట్టుకొని పోతారు. 1974లో ద్వీపం రెండుగా చీలింది. దక్షిణాన ఉన్న ముస్లింలు ఉత్తరానికి, ఉత్తరాన ఉన్న క్రైస్తవులు దక్షిణానికి పోవాల్సి వచ్చింది. ఆ నిశ్శబ్దంలో కొంత, వెళ్లిపోయినవాళ్లది. పీలా అనే ఊళ్లో రెండు మతాలవాళ్లూ ఇంకా కలిసి ఉంటున్నారు. అదీ ఐక్యరాజ్యసమితి సైనికులు కాపలా కాసే మధ్య పట్టీలో.

మా నిశ్శబ్దానికీ చరిత్ర ఉంది. 1948 పోలీసు చర్య తర్వాత పండిత్ సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాజ్యంలో తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. రజాకార్ల దుర్మార్గాలు ఊరూరా చెప్పుకున్నారు, చెప్పుకోవలసిందే. రెండో కథను మా ఇళ్లలో దాదీలు గొంతు తగ్గించి చెప్పారు. పిల్లలు గట్టిగా అడిగితే "చుప్" అన్నారు. ఆ చుప్‌కే ఇవాళ బయట సహనం అని పేరు.

అట్లాగని ఇక్కడి ముస్లిం ఎప్పుడూ చుప్‌గానే ఉన్నాడా? అప్పటి నల్గొండ జిల్లా కామారెడ్డిగూడెం షేక్ బందగీ, విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్ల మీద తన భూమి కోసం కోర్టుకెక్కాడు. గెలిచాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. 'మా భూమి' నాటకానికి ఆయన కథే ప్రేరణ. ఆయన్ను ఎవరూ సహనశీలి అనలేదు. తగువు పడ్డాడు గనకే జనం తమవాడనుకున్నారు.

"అయితే గొడవలు కావాలంటారా?" అని అడుగుతారు. కొన్ని కావాలి. గ్రామసభలో ఖబరస్తాన్ హద్దు గురించి మావాడు గొంతు పెంచితే "వీళ్లకు ఎక్కువైంది" అనే గుసగుస వద్దు. "పాపం, పోనీలే" అనే జాలీ వద్దు. ఎదుటివాడు లేచి, "నీ లెక్క తప్పు, కాగితం తియ్యి" అని వాదానికి దిగాలి.