గుడ్డు వెనక పుంజు

ధర్మవ్యాధుడి మీద వీడియో చేశాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పది నిమిషాల వీడియోలో ఇమిడేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. మనలో చాలామంది అనే మాటే ఇది: "నేను మాంసం ముట్టను. గుడ్డు మాత్రం తింటా. అందులో ప్రాణం లేదు కదా, నాకు హింస అంటదు." ఇది నిజమేనా?

ముందే చెప్తున్నా, గుడ్డు తినాలా వద్దా అని తీర్పు ఇవ్వడానికి ఈ పోస్టు రాయడం లేదు. ఎవరింటి ఆచారం వాళ్ళది. నా ఇబ్బందంతా ఆ వాక్యం చివర ఉన్న "అంటదు" అనే ధీమాతోనే.

మొదటి సగం నిజమే. కిరాణా కొట్లో అట్టల్లో పేర్చి అమ్మే గుడ్డులో పిల్ల ఉండదు. ఫారాల్లో పెట్టల మధ్య పుంజే ఉండదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డుని ఎన్నాళ్ళు పొదిగినా పిల్ల రాదు. ఇక్కడిదాకా వాదన గట్టిదే.

కానీ ఆ పెట్ట ఎక్కడి నుంచి వచ్చింది? అదీ ఒక గుడ్డులోంచే వచ్చింది కదా. హేచరీలో పొదిగిన పిల్లల్లో దాదాపు సగం పెట్టలైతే సగం పుంజులు. గుడ్ల జాతి పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికి పెంచే బాయిలర్‌లాగా తొందరగా ఎదగదు. దాని మేతకి అయ్యే ఖర్చు కూడా తిరిగి రాదు. అందుకని పుట్టిన రోజే ఆడామగా వేరుచేసి, మగపిల్లల్ని అక్కడే చంపేయడం ప్రపంచమంతా ఈ వ్యాపారంలో ఉన్న పద్ధతి. జర్మనీ 2022 నుంచి దాన్ని చట్టం చేసి ఆపింది. మన దగ్గర కొన్ని ఇంకో దారిలో వెళ్తాయి. చిన్నప్పుడు సంతలోనో బస్టాండ్ దగ్గరో గులాబీ, ఆకుపచ్చ రంగులేసిన కోడిపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు, గుర్తుందా? కొనిమ్మని ఏడ్చి ఇంటికి తెచ్చుకుంటే మూడో రోజుకి చచ్చిపోయేవి. చాలాసార్లు అవి ఈ అక్కర్లేని పుంజులే. అంటే మన ఆమ్లెట్ వెనక ఉన్న తమ్ముడు ఒకప్పుడు మన చేతుల్లోనే ఉన్నాడన్నమాట.

సరే, ఫారం గుడ్డు మానేసి నాటుకోడి గుడ్డు తింటే? ఇది నేను రోజూ చూస్తున్న సంగతి. రెండేళ్ళుగా పశ్చిమ గోదావరి వైపు ఒక ఊళ్ళో ఉంటూ స్క్రిప్టులు రాస్తున్నా. పెరట్లో ఏడు పెట్టలు, ఒక పుంజు. తెల్లారి గూటి తలుపు తీయగానే వాటికి నూకలు, కాస్త తవుడు వేస్తా. అవి మేస్తుంటే నేను బీర పాదుకీ వంగ మొక్కలకీ నీళ్ళు పెడతా. ఎండెక్కితే అరుగు మీద భారతం పట్టుకుని కూర్చుంటా. వినడానికి ఆశ్రమంలా ఉంటుంది. పెట్ట పొదుగుకి కూర్చుంటే నిజంగానే తపస్సులా ఉంటుంది. 21 రోజులు, రోజుకి ఒక్కసారి లేచి నాలుగు గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ పరుగున వచ్చి గుడ్ల మీద సర్దుకుంటుంది. పిల్లలు బయటికొచ్చాక పైన గద్ద నీడ కనిపిస్తే చాలు, అది ఒక్క కూత కూస్తుంది. మరుక్షణం పెరట్లో ఒక్క పిల్ల కనిపించదు. అన్నీ రెక్కల కింద ఉంటాయి.

ఇక్కడా లెక్క అదే. పది పిల్లలొస్తే అటూఇటూగా అయిదు పుంజులవుతాయి. పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. ఎక్కువైతే ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటాయి, పెట్టల వీపుల మీద ఈకలు రాలిపోతాయి. మరి మిగిలిన పుంజుల్ని ఏం చేస్తారు? అమ్ముతారు, కూర వండుకుంటారు, అమ్మవారికి మొక్కు చెల్లిస్తారు. లేదంటే సంక్రాంతి బరికి పంపిస్తారు. ఇది పందేలకి పేరున్న ప్రాంతం, కోర్టులు వద్దన్నా పండగ మూడు రోజులూ కాలికి కత్తి కట్టే బరులు వెలుస్తూనే ఉంటాయి.

మా పక్కింటి మామ్మగారు చిన్నప్పటి నుంచీ కోళ్ళు పెంచుతున్న మనిషి. పుంజుల్ని ఎవరికి ఇస్తారని అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "అడిగినోళ్ళకి ఇచ్చేత్తాను బాబూ. కత్తి కట్టేవోడికి మాత్రం ఇవ్వను. కూరకి పోతే ఒక్కసారే పోద్ది. అక్కడైతే జనం ఈలలేత్తా ఉంటే పోద్ది." పందెం పుంజుకి కూర పుంజుకంటే ఎన్నో రెట్లు ధర వస్తుందని ఆవిడకి తెలీక కాదు. ఆవిడ అహింస మీద ఉపన్యాసం ఏమీ చెప్పలేదు, చావుకీ చావుకీ మధ్య ఒక గీత గీసింది. ఆ గీత కోసం డబ్బు వదులుకుంది. నగరంలో మనం చేసే చాలా వాదనల కంటే నాకు ఇందులో ఎక్కువ ఆలోచన కనిపించింది.

కోళ్ళ జోలికే పోను, కూరగాయలే తింటా అంటారా? అయితే ఆ వంగ మొక్క దగ్గరికే రండి. కాయతొలుచు పురుగు కాయలోకి దూరిందంటే పైకి చిన్న కన్నం తప్ప ఏమీ కనిపించదు. నేను వేపగింజల కషాయం కొడతా. ఆర్గానిక్ అంటే పురుగుకి అపకారం లేనిది అనుకుంటారు చాలామంది. వేప చేసే పని ఏంటో తెలుసా? పురుగుకి తిండి సహించకుండా చేస్తుంది, అది పెరిగే క్రమంలో పాత చర్మం విడవకుండా అడ్డుపడుతుంది. నెమ్మదిగా ఆకలితో చస్తుంది. రసాయనం కంటే నేలకి మంచిది, మనకి మంచిది, నాకు సందేహం లేదు. ఆ పురుగుకి మాత్రం మంచిది కాదు. పోనీ మందే కొట్టకుండా కోళ్ళని వదిలితే అవి ఆకుపురుగుల్ని, చెదల్ని ఏరుకు తింటాయి (లేత నారు కూడా కెలికి పారేస్తాయి, అది వేరే బాధ). అప్పుడు నేను చంపలేదు, కోడి చంపింది. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

మార్కండేయ మహర్షి అరణ్యపర్వంలో ధర్మరాజుకి చెప్పిన కథలో విన్నాం. తెలుగు భారతంలో ఇది నన్నయ ఆగిపోయిన తర్వాత ఎర్రన పూరించిన భాగంలో వస్తుంది. కౌశికుడు చెట్టుకింద వేదం వల్లిస్తుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, అది చచ్చి కిందపడింది. ఆయన బాధపడ్డాడు, నిజంగానే బాధపడ్డాడు. తర్వాత భిక్షకి వెళ్తే, భర్త సేవలో ఉండి ఆలస్యం చేసిన ఇల్లాలు, 'నీ చూపుకి చచ్చిపోవడానికి నేను కొంగని కాను' అన్న అర్థంలో మాట్లాడి, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలకి వెళ్ళమంది. తీరా వెళ్తే ఆమె చెప్పిన గురువు మాంసం కొట్లో కూర్చుని లేడి మాంసం, దున్న మాంసం అమ్ముతున్నాడు!

ఈ కథని మనం ఎప్పుడూ "వృత్తి ఏదైనా గౌరవమే" అన్న ఒక్క ముక్కకి కుదించేస్తాం. మూలంలో వ్యాధుడు అంత తేలిగ్గా వదలడు. తన పని ఘోరమైనదేనని ముందు తనే ఒప్పుకుంటాడు. తను స్వయంగా చంపననీ, వేరేవాళ్ళు చంపింది అమ్ముతాననీ చెప్తాడు. ఆ తర్వాత ప్రశ్న తిప్పి కౌశికుడి మీద వేస్తాడు. నాగలి దున్నితే నేలలో ఎన్ని జీవులు చస్తున్నాయి? వడ్లూ గింజలూ జీవం ఉన్నవి కావా? నడిచేవాడి కాళ్ళ కింద ఏమీ నలగడం లేదా? ఈ లోకంలో హింస చేయనివాడు ఎవడు? అహింసే వ్రతంగా ఉన్న యతులు కూడా హింస చేస్తూనే ఉన్నారు, కాకపోతే వాళ్ళ ప్రయత్నం వల్ల అది తక్కువవుతుంది అంటాడు.

నాకు ఈ అధ్యాయం మొత్తంలో ఆ "ప్రయత్నం వల్ల తక్కువ" అన్న చోటే గురి కుదిరింది. సున్నా అవుతుందని ఆయన చెప్పడం లేదు.

మన పెద్దలు ఇంట్లోనే అయిదు చంపే చోట్లు ఉన్నాయని లెక్కగట్టారు. మనుస్మృతిలో పంచసూనలు అంటారు: పొయ్యి, తిరగలి, చీపురు, రోకలి, నీళ్ళకుండ. వంట చేసి, ఊడ్చి, నీళ్ళు పట్టే ప్రతి ఇంట్లో చీమో పురుగో చస్తుంది. గ్యాస్ స్టవ్, మిక్సీ వచ్చాయి కదా అని లెక్క కొట్టేయలేం, మన పప్పులోకీ ఉప్పులోకీ పడే చావులు వేరే ఊరికి వెళ్ళాయంతే. దానికి వాళ్ళు చెప్పిన విరుగుడు ఇల్లు వదిలి పారిపోవడం కాదు, రోజూ చేసే పంచ మహాయజ్ఞాలు. అందులో ఒకటి భూతయజ్ఞం, అంటే వండినదాంట్లో ముందు జీవులకి ఒక ముద్ద తీసి పెట్టడం. మామ్మగారు కోళ్ళకి నూకలు వేసేముందు గోడ మీద కాకులకి ఒక పిడికెడు పోస్తారు. అది యజ్ఞమని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

ఇక్కడ ఒక తెలివైన ఎదురుప్రశ్న వస్తుంది. ఎలాగూ అందరూ చంపుతున్నారు కాబట్టి చికెన్ బిర్యానీకీ తోటకూర పులుసుకీ తేడా ఏంటి అని. వ్యాధుడి జవాబు ఆయన నోట్లో కాదు, కంచంలో ఉంది. మాంసం అమ్మే ఆ మనిషి, తాను మాంసం తిననని కౌశికుడికి చెప్తాడు. "లోకమంతా హింసే" అనే వాదాన్ని తన నాలుకకి లైసెన్సుగా వాడుకోలేదు. పుట్టుకతో వచ్చిన వృత్తి కాబట్టి చేయక తప్పదన్న ఆయన ఇంకో వాదం మాత్రం నాకు ఇవాళ అంగీకారం కాదు. ఎవరూ పుట్టుక వల్ల కత్తికి కట్టుబడి ఉండనక్కర్లేదు. మనం ఆ వాదాన్ని మెచ్చుకుంటున్నామంటే, మన కంచంలోకి వచ్చేదాన్ని కొయ్యడానికి ఎప్పుడూ ఇంకెవరో ఉండాలని కోరుకుంటున్నామేమో కూడా చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉండే మీరు కోళ్ళు పెంచక్కర్లేదు. బాల్కనీలో ఒక కుండీ చాలు. పేనుబంక పట్టిన మిరపమొక్కని కడిగేటప్పుడు మీ వేళ్ళ కింద ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. గుడ్డు తినేవాళ్ళు తినండి, కానీ "ప్రాణం లేదు కదా" అని కాకుండా "దీని తమ్ముడు ఏమయ్యాడు" అని తెలిసి తినండి. తెలిశాక మానేస్తారో, తగ్గిస్తారో, అలాగే తింటారో అది మీరు తేల్చుకోవాల్సింది. మాంసం తినేవాడిని చూసి ముక్కు మూసుకునే హక్కు మాత్రం ఆ తర్వాత మిగలదనుకుంటా.

కథలో ఇంకో సంగతి ఉంది. వ్యాధుడు కౌశికుణ్ణి ఇంట్లోకి తీసుకెళ్ళి తన ముసలి తల్లిదండ్రుల్ని చూపిస్తాడు, వీళ్ళే నా దేవుళ్ళు అంటాడు. ఆ తర్వాత అడక్కుండానే ఒక మాట చెప్తాడు: నువ్వు వేదం చదువుకోవాలని అమ్మానాన్నల అనుమతి లేకుండా ఇల్లు వదిలావు, నీ కోసం ఏడ్చి ఏడ్చి వాళ్ళకి చూపు పోయింది. చచ్చిన కొంగ గురించి అంత బాధపడ్డవాడు, దారి పొడవునా ఈ ఇద్దరిని లెక్కలోకే తీసుకోలేదు. కౌశికుడు వాదించలేదు. వ్యాధుడికి ప్రదక్షిణ చేసి ఇంటికి తిరిగి వెళ్ళాడు. ఆ భాగం మీద వచ్చేవారం వీడియో ఉంటుంది.