బాణం తర్వాత తెలిసేది

బండలాగుడు పోటీలకి తోలుకొచ్చిన గిత్త వయసు తేల్చడానికి నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలే ఉన్నాయి. యజమాని ఏం చెప్పినా పళ్ళు చెప్పిందే లెక్క. అడవిజింకతో వేటగాడికి ఈ వీలు లేదు. దాని పళ్ళు చూడాలంటే ముందు అది చచ్చిపడాలి.

నేను టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. వేటాడను. కానీ ఇక్కడ వేటాడేవాళ్ళ మాటల్లో పదేపదే వినపడే “దానికి ఎన్నేళ్ళుంటాయి?” అన్న ప్రశ్న, వేట తప్పా ఒప్పా అన్న పాత వాదన కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

ఆ ప్రశ్నకి కారణం ఉంది. తెల్లతోక జింకల్లో మగవాటికి ఏడాదిన్నర వయసుకే కొమ్ములు కనిపిస్తాయి. కనిపించినదాన్నల్లా కొడుతూ పోతే మందలో ముదురు మగజింకలు మిగలవు. అందుకే లేతవాటిని వదిలేయాలని నియమాలు వచ్చాయి. పెన్సిల్వేనియా 2002లో ఒక పక్క కొమ్ముకి కనీసం మూడు మొనలు, కొన్ని ప్రాంతాల్లో నాలుగు, ఉంటేనే కొట్టాలంది. టెక్సాస్‌లో చాలా కౌంటీల్లో కొమ్ముల మధ్య లోపలి వెడల్పు 13 అంగుళాలైనా ఉండాలి, లేదా ఒక కొమ్మైనా చీలకుండా ఉండాలి. 13 ఎందుకంటే, చెవులు రిక్కించి నిలబడ్డ మగజింక చెవికొసల మధ్య దూరం ఇంచుమించు అంతే. కొలబద్దని జింకే మోసుకు తిరుగుతుందన్నమాట.

ఇక్కడ చట్టం అడిగేది వెడల్పు, కావలసింది వయసు. ఒకటి దొరక్కపోతే దానికి బదులు ఇంకోటి కొలవడం మా వృత్తిలో రోజూ ఉండే పనే. మంద మొత్తానికి ఆ లెక్క సరిపోవచ్చు. అటూ ఇటూ తప్పులు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ కొమ్ములు తొందరగా విచ్చుకున్న లేతజింకకి ఆ సగటుతో ఏం పని? దాని విషయంలో జరిగిన తప్పు దానికి నూటికి నూరు పాళ్ళు.

కొమ్ములు కాదు, ఒళ్ళు చూడండి అంటారు అనుభవమున్నవాళ్ళు. లేతది కాళ్ళు పొడుగ్గా, నడుం సన్నగా, ఆడజింకకి కొమ్ములు తగిలించినట్టు ఉంటుంది. ముదిరేకొద్దీ ఛాతీ నిండుతుంది. ఐదేళ్ళు దాటాక పొట్ట జారి, వీపు కుంగి, కాళ్ళు పొట్టివైనట్టు కనబడతాయి. అయితే జతకట్టే కాలంలో మెడ ఉబ్బుతుంది. సెప్టెంబర్‌లో కుర్రదిలా కనబడ్డదే నవంబర్‌లో పెద్దదిలా అనిపిస్తుంది.

చచ్చాక దవడ చూస్తారు. మూడో ముందుదవడ పన్ను పాలపన్నుగా ఉన్నప్పుడు మూడు భాగాలుగా ఉంటుంది. ఏడాదిన్నర ప్రాంతంలో అది ఊడి రెండు భాగాల పన్ను వస్తుంది. అంతవరకూ సందేహం తక్కువ. ఆ తర్వాత లెక్కంతా అరుగుదల మీదే. న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన సెవరింగ్‌హాస్ 1949లో దీన్నొక పద్ధతిగా పెట్టాడు. కానీ ఇసుకనేలల్లో మేస్తే పళ్ళు తొందరగా అరుగుతాయి. వయసు ముందే తెలిసిన జింకల దవడలతో పోల్చి చూసినప్పుడు, పిల్ల, ఏడాదిన్నరది, అంతకన్నా పెద్దది అనే మూడు తరగతులు దాటితే నిపుణులూ తడబడ్డారు. ఇంకా కచ్చితంగా కావాలంటే ముందుపన్ను వేరుని పలచగా కోసి, రంగు వేసి, సిమెంటం పొరలని చెట్టు వలయాల్లా సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టాలి.

కొమ్ములు, ఒళ్ళు, దవడ, పన్ను వేరు. మెట్టుమెట్టుకీ జవాబు నమ్మకంగా మారుతుంది, కానీ మూడో మెట్టు దగ్గరే జింక చచ్చిపోయి ఉంటుంది. ఏ నిర్ణయం కోసం ఆ జవాబు కావాలో ఆ నిర్ణయం అప్పటికే అయిపోయింది.

భారతంలో పాండురాజు కథ ఇదే మలుపు దగ్గర ఆగుతుంది. జతకట్టి ఉన్న జింకని కొట్టాక గానీ అది కిందముడనే ముని అని అతనికి తెలియలేదు. జింకలని వేటాడటం రాజధర్మమేనని పాండురాజు వాదిస్తాడు. ముని ఆ మాట కాదనడు. తెలియక చేశావు కనక బ్రహ్మహత్యాపాపం నీకు అంటదనీ అంటాడు. శాపం మాత్రం ఇస్తాడు, కాసేపు ఆగలేకపోయినందుకు. తెలియకపోవడానికి క్షమాపణ దొరికింది, ఆగకపోవడానికి దొరకలేదు.

నాకు ఈ తేడా ముఖ్యం. తెలుసుకోలేనిదాన్ని తెలుసుకోలేదని ఎవరినీ నిందించలేం. తెలియదని తెలిసీ తెలిసినట్టు ట్రిగ్గర్ నొక్కితే నిందించవచ్చు. వేటగాళ్ళలో మంచివాళ్ళు పాటించేదీ ఇదే: అనుమానముంటే పోనివ్వు.

ఆగడం అన్నిచోట్లా పుణ్యం కాదు, అదీ ఒప్పుకోవాలి. తోడేళ్ళని తుడిచిపెట్టిన కొండల మీద జింకలు పెరిగిపోయి చెట్టూ చేమా తినేసిన సంగతి ఆల్డో లియోపోల్డ్ రాశాడు, అతని పుస్తకం కూడా 1949లోనే వచ్చింది. మంద తగ్గించాలంటే ఆడజింకలని కొట్టాలి, అక్కడ ఇన్ని వయసు లెక్కలు అక్కర్లేదు. ముదురు మగజింక కోసం ఇంత తంటా పడటంలో మంద క్షేమం ఎంత, గోడకి తగిలించే కొమ్ముల మోజు ఎంత? అది ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలి. కొమ్ములు పూర్తిగా పెరిగేదీ ఐదారేళ్ళ తర్వాతే మరి.

ఇంకో చిక్కుంది. వదిలేసిన జింక దవడ మన చేతికి రాదు. దాని విషయంలో మన అంచనా ఒప్పో తప్పో ఎప్పటికీ తేలదు. ఉద్యోగాలకి వచ్చిన రెజ్యూమేలు వడపోసేటప్పుడూ ఇంతే. తీసుకున్నవాళ్ళ పనితీరు చూసి మన చూపు గొప్పదనుకుంటాం, పక్కన పెట్టినవాళ్ళు ఎలా పనిచేసేవాళ్ళో చూసే అవకాశమే రాదు. అలా పెరిగే నమ్మకానికి ఎదురు సాక్ష్యం సగమైనా ఉండదు.

కాబట్టి వేటగాడికి నేను చెప్పగలిగింది చిన్న మాట. తుపాకీ ఎత్తకముందే వయసెంతో ఒక అంకె కాగితం మీద రాసుకో. తర్వాత దవడ చెప్పిన అంకె దాని పక్కనే రాయి. రెండూ కలవని రోజు ఆ కాగితాన్ని పారేయకు.