బస్తరు దక్కనివాళ్లు

చదవవలసిన భాగం: అపొస్తలుల కార్యములు 16:6–10

పౌలు ఆసియాలో బోధించాలనుకున్నాడు, ఆత్మదేవుడు ఆపాడు. బితూనియ వైపు తిరిగాడు, అదీ కుదరలేదు. చివరికి సముద్రపు ఒడ్డున త్రోయలో చేరాడు. అనుకున్నచోటు ఒక్కటీ దక్కని ఆ ప్రయాణంలోనే, ఒక రాత్రి మాసిదోనియ మనిషి దర్శనంలో కనిపించి సాయం అడిగాడు. అంతకుముందు పౌలు మనసులో మాసిదోనియ ఉందని లూకా ఎక్కడా రాయలేదు.

మన తూర్పు కనుమల్లోనూ ఇలాంటి ప్రయాణం ఒకటి జరిగింది. జర్మనీ ఉత్తరపు కొసన ఉన్న బ్రెక్లుం అనే చిన్న ఊరి మిషను 1880ల ఆరంభంలో ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్‌మన్ అనే ఇద్దరిని ఇటు పంపింది. వాళ్ల గురి బస్తరు. అక్కడి రాజు ఉండనివ్వలేదు. వెనుదిరిగి కొరాపుట్‌లోనూ, కనుమ దిగి సాలూరులోనూ కుదురుకున్నారు. అరకు చుట్టూ ఉన్న ఈ కొండలంటే అప్పట్లో చలిజ్వరం గుర్తొచ్చేది. బదిలీ అంటే సర్కారు ఉద్యోగులే హడలిపోయేవారు. పైన ఒడియా, కొండజాతుల మాటలు, కింద తెలుగు. పాఠం చెప్పడానికి వచ్చినవాళ్లు ముందు బడిపిల్లల్లా కూర్చోవలసి వచ్చింది.

1914లో యుద్ధం వచ్చింది. జర్మన్లు శత్రుదేశస్థులయ్యారు, మిషనరీలు ఈ కొండలు విడిచిపోవలసి వచ్చింది. విత్తినవాడు ఊరొదిలినా పైరు ఆగనట్టు, సంఘం చెదరలేదు. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘంగా రూపు దిద్దుకుంది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా తాకేది వాళ్లు రావడం కన్నా, వాళ్లు లేనప్పుడు సంఘం చెదరకుండా నిలవడమే.

వాళ్లు బస్తరు అనుకున్నట్టే, మనమూ ఇరవై ఐదేళ్లకు ఇది, ముప్పైకి అది అని రాసుకుంటాం. ఈమధ్య ఆ జాబితాలో ‘ఒక ఏడాది విదేశంలో సేవ’ కూడా చేరింది. మంచిదే. కాకపోతే సేవకూ మన క్యాలెండరే కావాలంటాం. అరకు వైపు వచ్చే బృందాలనే చూడండి. సంత రోజున వైద్య శిబిరం పెడితే ఊళ్లో ముసలివాళ్లు తప్ప ఎవరుంటారు? దారిలో, రోడ్డు లేని ఊరి నుంచి నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చేవాళ్లు ఎదురైతే, చేతిలోని బ్యానరు పక్కన పడేసి భుజం ఆనించేవాడు ఆ బృందంలోనే ఒకడుంటాడు. (ఫొటో తీసేవాడూ ఉంటాడు, వాడి సంగతి వదిలేద్దాం.) ఆ మొదటివాడికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు. మరోసారి ఆ ఊరు వెళ్తే మాత్రం, “బావూ, అంబలి తాగి ఎల్లు” అని ఒక గుమ్మంలోంచి పిలుపు వస్తుంది. అడగకుండానే కూర్చోవడానికి పీట వేస్తారు. ఆ ఇంట్లో బిడ్డను అతని చేతికిస్తారు.

ప్రార్థన: ప్రభువా, ఇప్పుడు ఎదురుదారిన జర్మనీ వెళ్లాలని విశాఖలో జర్మన్ భాష నేర్చుకుంటూ వీసా కోసం ఎదురుచూస్తున్న మా నర్సమ్మాయిలను జ్ఞాపకం చేసుకో. ఆ చలిదేశంలో ముసలివాళ్ల మంచాల పక్కన నిలబడినప్పుడు వాళ్లకు ఓపిక ఇవ్వు. వీసా రానివాళ్లకు నువ్వు పాడేరు ఘాటీ ఎక్కే బస్సు చూపిస్తే, కాదనని మనసివ్వు. ఆమేన్.