సముద్రమునకు విశ్రాంతి, బీదవానికి కూడు

చదువవలసిన భాగము: నిర్గమకాండము 23:10-11



సముద్రమెక్కడ, తంబళ్లపల్లె యెక్కడ అని మనలో కొందరు అడుగవచ్చును. మన చుట్టు కొండలు, చెరువులు, వేరుశనగ చేలే గాని అలలు లేవు. సముద్రమును కన్నులార చూడకయే వృద్ధులైనవారును మనలో కలరు. అయినను సంతలో ఎండుచేపలు కొననివారము కాము. మన వాగుల నీళ్లు పెన్నలో కలిసి నెల్లూరు సీమలో సముద్రమును చేరుచున్నవి. అక్కడి చేప మన కుండలోనికి వచ్చుచున్నది. కాబట్టి ఆ తీరమున జరుగు న్యాయాన్యాయములు మనకు పరాయివి కావు.

ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలుకొని జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పు తీరమంతట మరపడవలతోను ఇంజను పడవలతోను వేట నిషిద్ధము. ఇంజను లేని తెప్పలకు అడ్డు లేదు. 2015కు ముందు ఈ విరామము ఇంతకంటె తక్కువ దినములే యుండెను. పెక్కు జాతుల చేపలు గుడ్లు పెట్టు కాలమది. గుడ్లతో నిండిన తల్లిచేపను పట్టినయెడల దానితో కూడ రాబోవు పిల్లలను పోగొట్టుకొందుము. సేద్యము చేయు మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. విత్తనపు కాయలను ఒలిచి తిన్నవాడు తొలకరి వచ్చినప్పుడు ఏమి విత్తును?

అయితే ఇచ్చట ఒక ప్రశ్న పుట్టుచున్నది. విత్తనపు కాయలు తినరాదని చెప్పుట సులభమే. ఆ యింటి పిల్లలు ఆకలితో ఏడ్చుచుండగా, కడుపు నిండినవాడు వచ్చి ఆ మాట చెప్పుట న్యాయమా? ఆ 61 దినములును మనము పప్పో కోడికూరో తిని గడుపుదుము. మన పొయ్యి ఆరదు. ఆరునది జాలరి పొయ్యి. అందరి మేలుకొరకైన ఉపవాసమును ఒక్కని మీదనే మోపుట ధర్మమేనా?

దీనినిబట్టి కొందరు అసలు నిషేధమే వద్దందురు. సముద్రమునకు తరుగు లేదందురు. కెనడా దేశమందలి న్యూఫౌండ్‌లాండు తీరమున అట్లే తలంచినవారు అనేకులు. అక్కడి కాడ్ అను చేప శతాబ్దములుగా దూరదేశములకు ఆహారమయ్యెను. పెద్ద ఓడలు వచ్చి మితము లేక పట్టగా మిగిలినది బహు కొద్ది. 1992లో ప్రభుత్వము వేటను మాన్పించగా సుమారు 30,000 మందికి పని పోయెను. ఆ నిషేధము తీసివేయబడినది 2024లో. సముద్రమునకు సకాలమున విశ్రాంతి ఇయ్యనందున 32 సంవత్సరములు వేచియుండవలసి వచ్చెను. యూదా జనులు చెరలోనున్న 70 సంవత్సరములు వారి భూమి తనకు రావలసిన విశ్రాంతిని పొందెనని దినవృత్తాంతములు రెండవ గ్రంథము 36వ అధ్యాయములో చదువుచున్నాము. విశ్రాంతిని మనముగా ఇయ్యకపోయిన, అది మన చేతిలోనుండి తీసికొనబడును.

గనుక నిషేధము మంచిదే. కాని పైన చెప్పిన వేదభాగమును మరల చూడుడి. ఏడవ యేట పొలమును బీడు విడువవలెనను ఆజ్ఞ అక్కడితో ఆగలేదు. ఆ యేట దానంతట అది పండినది బీదలు తినవలెననియు, వారు విడిచినది అడవి మృగములకు ఉండవలెననియు అందులోనే చెప్పబడినది. భూమి విశ్రాంతియు బీదల ఆకలియు ఒకే ఆజ్ఞలో ముడివేయబడియున్నవి. ఒకటి గైకొని రెండవది విడిచిన, ఆజ్ఞలో సగమే నెరవేర్చినవారమగుదుము.

మన రాష్ట్రమున ఆ రెండవ సగమునకు కొంత ఏర్పాటు కలదు. నిషేధకాలపు భృతిని 2019లో కుటుంబమునకు 4,000 రూపాయల నుండి 10,000కును, 2025లో 20,000కును పెంచిరి. ఇది సంతోషింపదగినదే. అయినను ఆ సహాయము పడవల మీద వేటకు పోవువారి లెక్కనుబట్టి ఇయ్యబడునది. గంప నెత్తిన పెట్టుకొని చేపలమ్ము విధవరాలి మాటేమి? రేవులో ఐసు మోయు కూలివాని మాటేమి? కోతవారి వెనుక పరిగె యేరుకొనువారిని మరువవద్దని ధర్మశాస్త్రము చెప్పియుండలేదా?

పులికాటు సరస్సునందు తమిళనాడు వైపు కొన్ని గ్రామముల జాలరులలో పాడు అను పాత కట్టుబాటు కలదు. రొయ్యలు బాగుగా దొరకు చోట్లను ఎవడును తన సొంతము చేసికొనక, వంతుల చొప్పున వల వేయుదురు. నేడు మంచి చోటు ఒకనిది, రేపు మరియొకనిది. మితముగా పట్టుటయు, పొరుగువానికి పాలు విడుచుటయు కూడియుండగలవని ఆ జాలరులు చేసి చూపిరి.

ఇక మన వంతు ఏమి? సన్నకన్ను వలలతో పిల్లచేపలను ఈడ్చి, పొడిచేసి, కోళ్ల మేతకును రొయ్యల మేతకును అమ్ముచున్నారు. కొనువారుండుటచేతనే గదా అవి పట్టబడుచున్నవి! సంతలో వ్రేలంతైనను లేని పెద్దజాతి చేపపిల్లలు కనబడినయెడల చవుకని ఎగబడకుందము. నిషేధకాలమున చేప ధర పెరిగెనని సణుగకుందము. ఆ దినములలో మన కుటుంబ ప్రార్థనలయందు తీరమందలి ఇండ్లను జ్ఞాపకము చేసికొందము.

మన ఊరి చెరువును మరువరాదు. నీరు అడుగంటినప్పుడు బురదలోని కడపటి చేపపిల్ల వరకు దేవుకొనుట మనయొద్ద లేదా? చెరువు చేపల వేలము మాట వచ్చినప్పుడు, పెద్దలారా, ఈ రెండు సంగతులను ఊరివారి యెదుట ఎత్తుడి: తల్లిచేపలకు ఒక మడుగైన విడువవలెను, వేలము పాడలేని బీదవానికి కూరకు సరిపడ చేపలైన దక్కవలెను.