ఒక కాయకము, రెండు భారములు



కాయకమును పూజతో సమానముగా నెంచిన మతము మనది. 12వ శతాబ్దమున కల్యాణపట్టణమందు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారియై లెక్కలు చూచెను. అనుభవమంటపమున బట్టలుతికిన మడివాలు మాచయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య సరిసమానులై కూర్చుండిరి. ఏ వృత్తియు తక్కువ కాదను మాట మనకు ఉగ్గుపాలతోనే వచ్చినది. అయితే వృత్తి తక్కువ కాదని యొప్పుకొన్న మనము, ఆ వృత్తిని చేయు మనిషి మనస్సు మన మనస్సు వలె లేనప్పుడు అతనిని సమానునిగా చూచుచున్నామా? సమానత యనగా అందరును ఒకే తీరున నుండవలె ననుటయా, ఒక్కొక్కరి తీరును గుర్తెరిగి చోటిచ్చుటయా? ఈ ప్రశ్న నాకు గ్రంథములనుండి కలుగలేదు. నా తప్పునుండి కలిగినది.

21 సంవత్సరముల క్రిందట నా ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండెను. పద్యమునకు గణవిభజన చేయమన్నచో, నేను నల్లబల్లపై గురులఘువులు గుర్తించి ముగించులోపుననే యతిస్థానముతో సహా చెప్పెడివాడు. కాని యెన్నడును నా ముఖము వంక చూచెడివాడు కాడు. ఒకనాడు పిలిచినను పలుకలేదని కోపించి, "నీకు చెవులున్నాయా?" అని గద్దించితిని. "రెండున్నాయండి" అని నిదానముగా బదులు చెప్పెను. తరగతి యంతయు గొల్లుమని నవ్వినది. నేను దానిని పొగరని తలచితిని. బెత్తముతో కొట్టి, ఆ గంట ముగియువరకు ఎండలో నిలబెట్టితిని.

మొన్నటి వేసవిలో అతడు నన్ను వెదకుకొనుచు మా యింటికి వచ్చెను. ఇప్పుడతనికి 34 ఏండ్లు. హైదరాబాదులో ఒక కంపెనీ లెక్కల విభాగమున పదియేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాడు. తనకు ఆటిజం ఉన్నదని రెండేండ్ల క్రిందట వైద్యులు నిర్ధారించిరని చెప్పెను.

ఆటిజం అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు, తల్లిదండ్రుల పెంపకములోని లోపమును కాదు. అది పుట్టుకనుండి మెదడు అమరికలో నుండు భేదము. 1943లో అమెరికాలో లియో కానర్, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యులు దీనిని వర్ణించిరి. వారు వర్ణించినది పిల్లలను గనుక లోకము చిరకాలము దీనిని బాల్యపు సమస్యగనే యెంచినది. ఆ పిల్లలు పెద్దవారగుదురనియు, ఉదయము క్యారియరు పట్టుకొని బస్సెక్కి ఆఫీసులకు పోవుదురనియు తలచినవారు తక్కువ. ఇది అందరిలో ఒకే రీతిగా నుండదు. కొందరికి మాటయే రాదు. జీవితాంతము తోడు కావలెను. మరికొందరు చదువుకొని ఉద్యోగములు చేయుదురు. వీరి కష్టము పైకి కనబడదు. కనబడనందున అది లేదని మనము తీర్మానింతుము.

"మాస్టారూ, నేను రెండు ఉద్యోగాలు చేస్తున్నానండి. జీతం మాత్రం ఒకదానికే వస్తుంది" అని అతడనెను. నాకు బోధపడక వివరింపుమంటిని.

మొదటిది లెక్కలు చూచుట. అది అతనికి బరువు కాదు. వేయి వరుసల పట్టికలో ఒక్క అంకె తప్పినను కంటిలో నలుసు వలె తగులును. రెండవది అందరివలె కనబడుట. ఎదుటివాని కన్నులలోనికి ఎంతసేపు చూడవలెనో లోలోపల లెక్కించుకొనవలెను. ఎప్పుడు నవ్వవలెనో కనిపెట్టి నవ్వవలెను. ట్యూబులైటు రొద, నాలుగు ఫోనుల మ్రోత, పదిమంది మాటలు ఒక్కసారిగా చెవిన బడుచుండగా, వానిలోనుండి తనకు చెప్పిన మాటను ఏరుకొనవలెను. సాయంకాలము ఇల్లు చేరి, దీపము వేయక, ఎవ్వరితోను పలుకక గంటసేపు పడుకొనునట. తల్లి చాలకాలము దానిని అలుక యనుకొన్నదట.

ఒకసారి పై అధికారి "వీలు చూసుకొని ఆ ఫైలు చూడు" అనెను. చేతిలోని పని ముగియువరకు వీలు లేదు గనుక ఇతడు దానిని మూడవనాడు చూచెను. ఆ మాటకు "వెంటనే చూడు" అని అర్థమని తక్కినవారందరికిని తెలియును; ఇతనికి తెలియలేదు. ఆ యేటి జీతపు పెంపు నిలిచిపోయినది. ఇతడు అబద్ధమాడలేదు, పని దొంగ కాలేదు. మాటను మాటగా నమ్ముటయే ఇతని నేరము.

మాటను మాటగా నమ్మినవారు మనకు క్రొత్తవారు కారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు చెప్పియున్నాడు. శివుడు విషము మ్రింగెనను మాట పురాణమున వినగానే రుద్రపశుపతి తల్లడిల్లెను. తన స్వామికి నిజముగా ప్రాణాపాయము కలిగినదనుకొని, ఆ విషము కక్కినగాని తాను బ్రతుకనని నీటిలో దిగెను. శివుడు నవ్వలేదు. ప్రత్యక్షమై, అతనిని తన తొడపై కూర్చుండబెట్టుకొని కంఠమును కనిపెట్టి చూచుకొననిచ్చెను. ఆ ముగ్ధునకు ఆటిజం ఉండెనని నేననుట లేదు. భక్తికి వైద్యుల పేరు పెట్టుట తగదు. నేను చూచుచున్నది శివుని వంక. ఆయన భక్తునకు అర్థమగు రీతిలో అతని భయము తీర్చెను. అట్టి మాటయే నా తరగతిలో వినబడినప్పుడు నేను బెత్తము పట్టితిని.

ఇచట కొందరు ఆక్షేపింపవచ్చును. ఆఫీసులో అందరికిని ఒకే నియమ ముండవలదా, ఒకరికి ప్రత్యేకముగా చేసినచో పక్షపాతము కాదా యని. మన మఠములలోని దాసోహపు పంక్తిని తలచుకొందము. వడ్డించు అన్నము అందరికిని ఒక్కటే. కాని పండ్లూడిన వృద్ధునకు అన్నము మెత్తగా కలిపి పెట్టుదుము. ప్రక్కన కూర్చున్న యువకుడు దానిని పక్షపాత మనునా? అందరి ఆకలియు తీరుట సమానత. అందరును ఒకే విధముగా నమలుట సమానత కాదు.

లోకము మారదు, అతడే మారవలెనను వారును కలరు. వారి మాటలో కొంత నిజమున్నది. అతడు చేతనైనంత మారినాడు. చెప్పినదెల్ల చీటీపై వ్రాసికొనును. తెలియనిచోట "ఎన్ని గంటలలోపల?" అని అడుగుట అలవరచుకొన్నాడు. రొద మిక్కుటమైనప్పుడు చెవులకు దూది పెట్టుకొనును. క్రొత్తగా వచ్చిన అధికారిణి ఇతడు కోరినట్లు, ఏ పని, ఏ దినమునకు కావలెనో కాగితముపై వ్రాసి యిచ్చుచున్నది; కూర్చుండుటకు గోడప్రక్క చోటిచ్చినది. పని తగ్గింపుమని అతడు అడుగలేదు, ఆమె తగ్గింపలేదు. ఆ కంపెనీకి అయిన ఖర్చు ఒక చిన్న కాగితము. పదియేండ్లు అతడొక్కడే మోసిన బరువును ఆ కాగితము సగము దించినది.

చట్టమును ఈ త్రోవనే నడచినది. 1995 నాటి వికలాంగుల చట్టము 7 వైకల్యములను మాత్రమే పేర్కొన్నది. అందులో ఆటిజం లేదు. 2016 నాటి చట్టము 21 వైకల్యములను గుర్తించి అందు ఆటిజంను చేర్చినది. ప్రభుత్వోద్యోగములలో 4 శాతమునకు తగ్గని రిజర్వేషను కల్పించి, అందులో 1 శాతమును ఆటిజం, మేధోవైకల్యము, అభ్యసన వైకల్యము, మానసిక వ్యాధి, బహుళ వైకల్యములు గలవారికి కలిపి కేటాయించినది. ప్రభుత్వ కార్యాలయములు వారికి తగిన సదుపాయము కల్పింపవలెనని విధించినది. కాని చట్టము కుర్చీ నీయగలదు. ప్రక్క కుర్చీలోని వాని చూపును మార్చజాలదు. అది మన పని.

పోవునప్పుడు అతడొక మాట అడిగెను. "ఆఫీసులో అందరికీ చెప్పేయమంటారా మాస్టారూ? అమ్మ వద్దంటోంది. చెల్లి సంబంధం చెడిపోతుందని భయం." నేను బదులు చెప్పలేకపోయితిని. ఆ తల్లి భయము వట్టిది కాదు. సంబంధము చూడవచ్చినవారమై, ఇంటిలో నిట్టివా డొకడున్నాడని లేచిపోవువారము మనమే గదా! చెప్పవలెనా వలదా యన్నది అతని యిష్టము. చెప్పినను భయము లేని యిరుగుపొరుగును కల్పించుట మన ఆచారము కావలెను. మఠములవారు ఉత్సవ దినములలో లౌడుస్పీకరునకు దూరముగా ఒక నిశ్శబ్దమైన గది నుంచవచ్చును. దాసోహపు పద్దులు వ్రాయు సేవను ఇట్టివారికి స్పష్టముగా చెప్పి యప్పగింపవచ్చును. వధూవరుల విషయమున పెద్దలు ఒక్క మంచిమాట చెప్పవచ్చును.

కాయకమును ఇంతగా పొగడునప్పుడు ఒక ప్రమాదమును కలదు. పని చేయగలిగినవాడే మనిషి యని తలచుట. ఈ యువకుడు లెక్కలలో దిట్ట గనుక గౌరవింపుడని నేను కోరుట లేదు. అంకె యెరుగని, మాట రాని ఆటిజం గల బిడ్డయు ఇతనికి సమానుడే. పసికందునకు లింగధారణ చేయునప్పుడు, ఈ శిశువు పెద్దయై ఏ పని చేయగలదని గురువు అడుగడు. ఎట్లు మాటాడునో, ఎవరి కన్నులలోనికి చూచునో విచారింపడు. మొదట లింగము, పిమ్మట కాయకము. ఆ క్రమమును మరచిన నాడు మన సమానత పెదవుల మాటయే యగును.

ఆ దినము నేనతనిని క్షమింపుమని అడిగితిని. ఎండలో నిలబెట్టినది, కొట్టినది అతనికి బాగుగా జ్ఞాపకమున్నవి. కాసేపు నేల వంక చూచి, "అయితే ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పు కాదు కదండీ?" అని యడిగెను. 21 సంవత్సరములుగా అతనిని బాధించినది దెబ్బ కాదు, ఈ సందేహము.

"తప్పు కాదు నాయనా, నా ప్రశ్నే తప్పు" అంటిని.