ఇల్లు అమ్మునపుడు



గోస్తనీ నది సముద్రమున గలియు భీమునిపట్నములో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు అమ్మకమునకున్నది. ఇటుక, గానుగ సున్నము, మంగుళూరు పెంకు. వెనుకవైపు తండ్రిగారు తరువాత వేయించిన రెండు గదుల శ్లాబు. మా పిల్లలు విశాఖపట్నమునను హైదరాబాదునను స్థిరపడిరి. తాళము వేసిన యింటిని సముద్రపుగాలి ఊరక విడువదు. ఉప్పు శ్లాబులోనికి దిగి, ఇనుపచువ్వలు త్రుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులూడుచున్నవి. కావున అమ్ముటయే మేలని అన్నదమ్ములము మువ్వురము నిశ్చయించితిమి.

పెద్దలు కట్టిన యిల్లు అమ్ముట పాపము కాదా యని కొందరడిగిరి. ఇష్టలింగమును ఉరమున ధరించి, వెళ్లినచోటికెల్ల దైవమును వెంటగొనిపోవు మనకు ఆ సందేహమేల? గోడలను పట్టుకొని వ్రేలాడుట మన మార్గము కాదు. పాపము వేరొకచోట పొంచియుండెను.

మాకొక అక్క గలదు. 1984లో వివాహమై అత్తవారింటికి వెళ్లినది. దస్తావేజు వ్రాయువాడు, "ఆడపడుచుచేత హక్కు విడుదల పత్రము వ్రాయించుకొనుడు, చాలును" అనెను. ఆ కాగితము పట్టుకొని వెళ్లినవాడను నేనే. పండిత శిక్షణ పొంది, ముప్పది యేండ్లుగా బడిలో నీతిపద్యములు చెప్పుచున్నవాడను! అక్క కన్నద్దాలకై లేవబోగా, "చదువనక్కరలేదక్కా, చేవ్రాలు చేసిన చాలు" అంటిని. ఆమె కలము చేతబట్టి, "నీవు చదివినావు గదా తమ్ముడూ, అది చాలదా" అనెను. ఆ మాటతో నాకు నోట తడియారిపోయెను. కాగితము మడిచి జేబులో నుంచుకొని, కాఫీయైనను త్రాగక బయలుదేరితిని.

బాగేవాడిలో బాల బసవనికి ఉపనయనము తలపెట్టినపుడు, అక్క నాగమ్మకు లేని సంస్కారము తనకేలయని ఆతడడిగెనని మన సంప్రదాయము చెప్పును. ఏటేట బసవజయంతినాడు ఈ కథను పిల్లలకు నేనే చెప్పుదును. ఆతడు అక్కకు లేనిదానిని తానును వలదనెను. నేను అక్కకున్నదానిని తెలియనీయక తీసికొనబోతిని.

చట్టమును గూర్చి కూడ చెప్పవలెను, ఏలయన మనవారిలో పలువురు ఇది తమకు వర్తింపదనుకొందురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టియే పేర్కొన్నది. తండ్రి స్వార్జితమై, వీలునామా లేనిచో, ఆనాటినుండియే కుమార్తెకు కుమారునితో సమభాగము గలదు. ఉమ్మడి ఆస్తిలో ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ కుమార్తెకు పుట్టుకతో హక్కునిచ్చెను గాని, 1985 సెప్టెంబరు 5కు ముందు పెండ్లియైనవారిని విడిచెను. మా అక్కవంటివారు అట్లు వెలియైరి. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన కేంద్ర సవరణ ఆ గీతను చెరిపివేసెను. ఆ దినమునకు తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని సర్వోన్నత న్యాయస్థానము 2020 ఆగస్టు 11న తేల్చెను.

"పెండ్లికి కట్నమిచ్చితిమి గదా" యని మా అన్నగారు వాదించిరి. కట్నము ముట్టినది బావగారికి; అక్కకు కాదు. పైగా కట్నము 1961 నుండియే నేరము. నేరమును చూపి బాకీ తీరినదనుట యేటి లెక్క? పదునైదు దినములు ఆయన నాతో మాటలాడలేదు. పిదప నాలుగు భాగములకు ఒప్పుకొనిరి, మనస్ఫూర్తిగా నని చెప్పజాలను.

శ్లాబు సంగతిని కొనువానికి ముందుగనే చెప్పితిమి. సున్నము పూసి దాచుడని మధ్యవర్తి యనెను. కాయకమున కల్ల చేరినచో ఆ సొమ్ముతో చేయు దాసోహము ఎవరి ఆకలి తీర్చును? బేరము కొంత తగ్గెను, తగ్గనిండు.

అక్క కోరినది ఒక్కటే: వీధియరుగు ప్రక్కనున్న రాతితొట్టిని తీసివేయవలదని. మా నాయనమ్మ దానిలో దారిని పోవు పశువులకు నీరు పోయించెడిది. కొనువాడు సరేయనెను. మాఘమాసమున రిజిస్ట్రేషను. ఈసారి కన్నద్దాలు తెచ్చుకొందునని అక్క యన్నది.