సంఖ్యయా? పేరా?

తూర్పు తీరము వెంబడి కలకత్తాకు పోవు మన తెలుగువారిలో అనేకులు నేడు హౌరాలో గాక షాలిమారులో దిగుచున్నారు. హుగ్లీ నదికి పడమటి గట్టున నున్న ఈ షాలిమారు చిరకాలము సరకు బండ్ల స్థలముగానే యెరుగబడినది. ఈస్ట్ కోస్టు, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సులు అక్కడికి చేరుట మొదలైన తరువాతనే దాని పేరు మన యిండ్లలో వినబడుచున్నది. స్టేషను విడిచి, 1992లో తెరవబడిన విద్యాసాగర్ సేతువు మీదుగా నది దాటినయెడల, ఆవలి గట్టున హేస్టింగ్స్ ప్రాంతమున, ప్రిన్సెప్ ఘాటుకు సమీపమున, నూరడుగుల ఎత్తుగల యొక స్తంభము కనబడును. దాని నాలుగు ప్రక్కల పురాతన నౌకల ముందు కొనలవంటి చెక్కడములు, పైన చిన్న మినారులు, వాటి నడుమ ఒక గుమ్మటము కలవు. త్రోవను పోవువారిలో దానియొద్ద నిలుచువారు బహు కొద్దిమంది.

అది లస్కరుల స్మారక స్తంభము. 1914–1918 మహాయుద్ధమున ప్రాణములు కోల్పోయిన 896 మంది నావికుల జ్ఞాపకార్థము ఓడల కంపెనీలవారును వర్తకులును దానిని కట్టించిరి. డబ్ల్యు. ఐ. కీర్ అను ఆయన దాని రూపమును కల్పించెను. 1924 ఫిబ్రవరి 6వ తేదీన బెంగాలు గవర్నరు లిట్టన్ ప్రభువు దానిని ఆవిష్కరించెను.

లస్కరు అను మాట మనకు క్రొత్తది కాదు. గోదావరి, కృష్ణా మండలములలో లస్కరు అనగా కాలువ గట్టును కాచుచు, తలుపులు ఎత్తి దించి పొలములకు నీరు వదలు చిన్న ఉద్యోగి. పంట పండినప్పుడు రైతు వానను తలచును, ఆనకట్టను తలచును, లస్కరును తలచువాడెవడు? పారసీక భాషలో సైన్యమునకు గల పేరునుండి పుట్టిన ఈ మాటయే ఓడలలో పనిచేయు మన దేశపు నావికులకును అంటుకొనెను. వారి స్థితియు అట్టిదే. యుద్ధము మొదలైననాటికి బ్రిటిషు వాణిజ్య నౌకలలో సుమారు 50,000 మంది లస్కరులు పనిచేయుచుండిరి. వారిలో అనేకులు సిల్హెట్, నౌఖాలి, చిట్టగాంగు ప్రాంతముల బీద కుటుంబములవారు. ఓడ అడుగున, మండుచున్న కొలుముల యెదుట నిలిచి బొగ్గు వేయుట వారిలో అనేకుల పని. అదే పని చేయు తెల్ల నావికుని జీతముకంటె వారి జీతము ఎంతో తక్కువ. 1917లో జర్మనీ జలాంతర్గాములు హెచ్చరిక లేకయే వాణిజ్య నౌకలను మరల ముంచనారంభించెను. ఓడ ప్రక్క పగిలి నీరు చొచ్చుకొనివచ్చునప్పుడు, పైకి వచ్చుటకు అందరికంటె దూరపు త్రోవ కొలుముయొద్ద నున్నవానిదే గదా!

896. ఈ సంఖ్యయెదుట నిలిచినప్పుడు నా మనస్సున ఒక ప్రశ్న పుట్టెను. మనమెరుగని మృతులకు మనము ఋణపడియున్నామా? ఋణపడియున్నయెడల, ఒక స్తంభముచేత ఆ ఋణము తీరునా?

తీరదని చెప్పుట సులభము. బ్రదికియున్నప్పుడు జీతము తగ్గించి, చచ్చిన పిమ్మట స్తంభమును హెచ్చించుట ఏమి న్యాయమని ఎవరైనను అడుగవచ్చును. స్మారకములు తరచుగా మృతుల కొరకు గాక, వాటిని నిలిపినవారి ఘనత కొరకే నిలుచును. అబ్షాలోము సంగతి మనమెరుగుదుము. తన పేరు నిలుపుటకు కుమారుడు లేడని అతడు రాజు లోయలో తనకొరకు తానే స్తంభము నిలువబెట్టుకొనెను. తుదకు అతని కళేబరము అడవిలో ఒక గోతిలో పడవేయబడి, దానిమీద రాళ్ల కుప్ప వేయబడెను. అతని గర్వమును చెప్పుటకు ఒక రాయి. అతని అవమానమును చెప్పుటకు అనేకమైన రాళ్లు.

అయినను ఈ స్తంభమును త్రోసివేయుటకు నాకు మనస్సు రాలేదు. ఏలయనగా సంఖ్యయైనను దక్కనివారు అనేకులు కలరు. యుద్ధ మృతుల సమాధులను కాపాడుటకై 1917లో ఏర్పడిన సంస్థ, నేటి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్, హోదా, జాతి, మతము అను భేదము లేక అందరిని సమానముగా జ్ఞాపకము చేయుట తన నియమమని ప్రకటించెను. అయితే 2021లో ఆ సంస్థయే వెలువరించిన నివేదిక, తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మొదలగు దేశములకు చెందిన మృతులలో కనీసము 1,16,000 మంది పేరుతో జ్ఞాపకము చేయబడలేదనియు, కొందరు ఏ విధముగాను జ్ఞాపకము చేయబడియుండకపోవచ్చుననియు, ఆ లెక్క 3,50,000 వరకు ఉండవచ్చుననియు ఒప్పుకొనెను, క్షమాపణయు కోరెను. మౌనముకంటె సంఖ్య మేలు. అయితే సంఖ్యకంటె పేరు మేలు.

ఇది గడచిన శతాబ్దపు దోషము మాత్రమేయని మనము ఊరడిల్లరాదు. అదే షాలిమారునుండి చెన్నైకి బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్సు 2023 జూన్ 2వ తేదీ సాయంకాలమున ఒడిశాలోని బహనగా బజారు స్టేషనువద్ద ఘోర ప్రమాదమునకు గురియయ్యెను. 290 మందికి పైగా మరణించిరి. పనికొరకు దక్షిణ దేశమునకు పోవు కూలీలు ఎక్కు సాధారణ పెట్టెలలో ప్రయాణికుల పేర్ల పట్టిక యుండదు. నాలుగు నెలలు కాచినను 28 దేహములు ఎవరివో తెలియకపోగా, అక్టోబరులో వాటిని భువనేశ్వరమున దహనము చేసిరి. మరల ఒక సంఖ్యయే మిగిలెను.

లేఖనములు ఈ విషయమై మనకు ఏమి నేర్పుచున్నవి? యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లను తెచ్చి గిల్గాలులో నిలువబెట్టినప్పుడు, ఆ రాళ్లను అలంకారముగా ఉంచలేదు. రాబోవు కాలమున పిల్లలు వాటిని గూర్చి అడుగవలెనని ఉంచిరి. పిల్లవాని నోట ప్రశ్నయు, తండ్రి నోట జవాబును ఉన్నంతవరకే అది జ్ఞాపకార్థమైన రాయి. జవాబు చెప్పువాడు లేనినాడు అది వట్టి బండ. మరియు దావీదు శూరుల పట్టికను చూడుడి. ముప్పది యేడుగురిలో చివరి పేరు హిత్తీయుడైన ఊరియాది. ఎవని భార్యను రాజు తీసికొనెనో, ఎవని మరణమునకు రాజు ఉత్తరము వ్రాసెనో, అతని పేరు రాజు మహిమను చెప్పు పట్టికలోనే నిలిచియున్నది. నిజమైన జ్ఞాపకము దానిని నిలిపినవారిని కాపాడదు. వారి దోషమును కూడ చెప్పును.

మన ప్రభువు చెప్పిన కాపరియు లెక్కపెట్టినవాడే. అయితే తొంబదితొమ్మిది చాలునని అతడు పుస్తకము మూయలేదు. తప్పిపోయిన దానిని వెదకుటకే ఆ లెక్క పనికివచ్చెను. ఆయన తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచువాడు.

ఇచ్చట నా సొంత అవమానమును చెప్పకతప్పదు. మా సంఘములో ఒక వృద్ధుడు ఇరువది యేండ్లు గుడి గంట మ్రోగించెను. పెద్దలు, పిన్నలు అందరును అతనిని గంట తాత అనియే పిలిచిరి. అతడు నిద్రించిన దినమున సమాధి రిజిస్టరులో వ్రాయుటకు అయ్యగారు పూర్తి పేరు అడిగిరి. కమిటీ సభ్యులమైన మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొంటిమి. తుదకు ఏడ్చుచున్న అతని కోడలిని పిలిచి అడుగవలసివచ్చెను. గుడి గోడమీద దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలకలు మూడు కలవు. వాటిలో ప్రతి పేరును నేను చూడకయే చెప్పగలను. ఇరువది యేండ్లు మమ్మును ఆరాధనకు పిలిచినవానిని మాత్రము మేము ఒక్కనాడును పేరు పెట్టి పిలువలేదు.

కాబట్టి, ప్రియ చదువరీ, మృతుల ఋణము మృతులకు చెల్లింప మనకు సాధ్యము కాదు. అది వారివంటి పని చేయుచు నేడు బ్రదికియున్నవారికి చెల్లింపవలసిన ఋణము. కొలుముయొద్ద నిలిచినవాని స్తంభమునకు నమస్కరించి, మన యింటి ముందు కాలువ తీయువానికి కూలి తగ్గించినయెడల, మనము ఆ ఓడల యజమానులకంటె ఏమి మేలు? మీ ఊరి బాట ప్రక్క ఏదైన శిలాఫలకము ఉన్నయెడల, ఒక సాయంకాలము మీ పిల్లలను అక్కడికి తీసికొనిపోవుడి. వ్రాసియున్నది చదివి వినిపించుడి. వ్రాయబడనివారిని గూర్చియు చెప్పుడి. తిరిగి వచ్చునప్పుడు, మీ వీధి కాపలాదారుని పేరు మీకు తెలియనియెడల, నిలిచి అడుగుడి.